నన్ను ఫెయిల్ చేయవలసినదిగా విన్నపం

విశ్వవిద్యాలయ పరీక్షల నియంత్రణాధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: అప్పర్ ఇంటర్మీడియట్ ఇంగ్లీషు మౌఖిక పరీక్షలో నాకు వేసిన మార్కులు రద్దు చేసి, నా కోడలికి వేయని మార్కులు వేయుట గురించి.

నేను తమ విశ్వవిద్యాలయంలో చరిత్ర ఎం.ఏ. చదువుచున్న విద్యార్థినిని. వయసులో మా ఆచార్యులకు అక్కనవుతాను. నా కోడలు ఇక్కడనే వృక్షశాస్త్రము చదువుచున్నది. ఏ శాస్త్రము చదివినవారైనను సాయంత్రపు ఇంగ్లీషు కోర్సులో అప్పర్ ఇంటర్మీడియట్ అను మెట్టు గట్టెక్కనిదే పట్టా ఇవ్వరాదని తమ నిబంధన. అది పైమెట్టూ కాదు, నడిమెట్టూ కాదు, త్రిశంకు స్వర్గము. అందులో అత్తాకోడళ్ళము ఒకే బెంచీ మీద వేలాడితిమి. ఒక విత్తన పరిశోధన సంస్థవారు కోడలికి ఉద్యోగంలో చోటిస్తామని, పట్టా వెంటనే చూపమని చెప్పియున్నందున ఆమెకు తొందర ఉన్నది. కావున ఈ క్రింది అంశములు మనవి చేసుకొనుచున్నాను.

1. మా ఇంగ్లీషు అధ్యాపకుణ్ణి విద్యార్థులందరూ ఆర్టికల్ మాస్టారందురు. ఎదుటివారు చెప్పినది ఆయన వినరు. దాని ముందు 'ఎ' ఉన్నదా, 'ది' ఉన్నదా అన్నది మాత్రమే వింటారు. తండ్రి ఆసుపత్రిలో ఉన్నాడు, సెలవు కావాలని ఒక పిల్ల అడిగితే, "ఇన్ హాస్పిటలా, ఇన్ ది హాస్పిటలా?" అన్నారు. ఆ తేడా మీద మిగతా గంటంతా పాఠం చెప్పారు. ఆ పిల్ల నిలబడే ఉంది.

2. తరగతి గదిలో ఇంటి భాష నిషిద్ధమని తలుపుకు కాగితం అంటించియున్నారు. తాను ఇంగ్లీషులోనే ఆలోచిస్తానని, కలలు కూడా అందులోనే వస్తాయని మాస్టారు పలుమార్లు సెలవిచ్చిరి. ఆ కలలు చూడవలసిన ఖర్మ మాకు పట్టనందుకు సంతోషం.

3. మాకు నేర్పిన ముఖ్యపాఠము 'మర్యాదగా విభేదించుట'. అత్తాకోడళ్ళము గనుక ఈ విద్య మాకు సహజమని ఆయన ముసిముసిగా నవ్వి, మమ్ము జతగా కూర్చోబెట్టిరి. ఇంట్లో కూడా సాధన చేయమన్నారు. చేశాం.

"అత్తయ్యా, ఐ సీ యువర్ పాయింట్, బట్..." అంటూ కోడలు మొదలుపెట్టింది.

"బట్టూ లేదు, గిట్టూ లేదు. ముందు ఆ పాలు పొంగుతున్నాయి చూడు," అన్నాను.

ఇద్దరం నవ్వుకున్నాం. ఆ కోర్సు వల్ల మాకు కలిగిన లాభం ఆ నవ్వొక్కటే.

4. పరీక్ష రోజున జరిగినది. మేడ మీద గది. శబ్దం రాకూడదని తలుపు వేయించారు. వంతు రానివారు వెనుక బెంచీల మీద కూర్చున్నారు. మా ఇద్దరికీ ఒక చీటీ ఇచ్చారు. వానలో కొండ ఎక్కుదామని నేను అనాలట, వద్దని కోడలు మర్యాదగా చెప్పాలట. అంతలో తలుపు కింద నుంచి పొగ రావడం మొదలైంది. వరండాలో స్విచ్చుల పెట్టె అంటుకుందని తర్వాత తెలిసింది.

"సర్, స్మోక్ ఈజ్ కమింగ్," అంది కోడలు.

"నాట్ రిలవెంట్ టు ది టాపిక్," అన్నారు మాస్టారు, తల ఎత్తకుండానే.

"సర్, ప్లీజ్! ఫైర్!"

"ఎ ఫైర్," అని దిద్దారు.

అయ్యా, ఇది నేను కల్పించి రాయడం లేదు. ఆ గదిలో ఉన్నవారిని ఎవరినైనా పిలిపించి అడగవచ్చు.

కోడలు కుర్చీ వెనక్కి తోసి లేచింది. "అందరూ లేవండి! గోడ పట్టుకుని మెట్లు దిగండి, తోసుకోకండి. ముక్కుకి గుడ్డ అడ్డం పెట్టుకోండి!" అని ఇంటి భాషలోనే కేక పెట్టింది. అంతవరకూ బొమ్మల్లా కూర్చున్నవాళ్ళు ఆ కేకకు కదిలారు. నన్ను జబ్బ పట్టుకుని కిందికి దించింది. చూస్తే మాస్టారు లేరు. మళ్ళీ పైకి పరిగెత్తింది. ఆ మహానుభావుడు పొగలో మార్కుల కాగితాలు వరుసలో సర్దుకుంటున్నారట.

"ఆ కాగితాలు తగలడనీండి సార్, మీరు రండి!" అని చెయ్యి పట్టి లాక్కొచ్చింది.

కింద మెట్ల మీద కూలబడి దగ్గుతూ ఆయన అన్న మాట అందరం విన్నాం. "అమ్మ బాబోయ్, నా పని అయిపోయిందనుకున్నా!" ఇంటి భాషలో, ఏ ఆర్టికలూ లేకుండా.

5. ఫలితాలు వచ్చినవి. కోడలికి సున్నా. కారణము: పరీక్షా సమయమున ఇంటి భాష వాడుట. నాకు మొదటి శ్రేణి. కారణము: ఒత్తిడిలోనూ ప్రశాంతత చూపుట.

6. నేను స్వయముగా వెళ్ళి ఆయనను కలిసితిని.

"రూలండీ, నేనేం చెయ్యను?" అన్నారు.

"ఆ భాషలో పిలవబట్టే కదా మీరు బతికి బయటపడ్డారు?"

"పర్సనల్‌గా నాకు చాలా కృతజ్ఞత ఉందండీ. కానీ అది వేరు, అసెస్‌మెంట్ వేరు. వచ్చే ఏడాది మళ్ళీ రాయమనండి. మంచి పిల్ల, పాసవుతుంది."

ప్రాణం ఖరీదు ఒక నమస్కారం, రూలు ఖరీదు ఒక ఏడాది. ఇటువంటి లెక్క వచ్చినవారిని భాష చెప్పడానికి పెట్టుకున్నందుకు తమ సంస్థను అభినందించక తప్పదు.

7. ఇక నా ప్రశాంతత సంగతి. పొగను కోడలి కంటే ముందు చూసింది నేను. కానీ నోరు తెరవలేదు. 'ఐ యామ్ అఫ్రెయిడ్, దేర్ సీమ్స్ టు బీ' అని మనసులో వాక్యం కట్టుకుంటూ, 'స్మోక్' ముందు 'సమ్' పెట్టాలా వద్దా అని తేల్చుకోలేక కూర్చున్నాను. వెనుక బెంచీల మీద అంతమంది పిల్లలు ఉన్నారు. నాకు మొదటి శ్రేణి వచ్చింది దానికే. మాస్టారి మీద ఎంత రోత ఉందో, ఆ క్షణాన ఆయనకు అచ్చంగా తగిన శిష్యురాలినైన నా మీద అంతే ఉంది.

కావున తమరు నన్ను వెంటనే ఫెయిల్ చేసి, నా కోడలిని పాస్ చేయవలెను. నిబంధన అడ్డు వచ్చినచో, ఆ నిబంధన రాసినవారిని ఒకసారి ఆ గదిలో కూర్చోబెట్టి, తలుపు వేసి, పొగ పెట్టి చూడవలెను. ఇంతకు మించిన మర్యాద నా వద్ద మిగలలేదు గనుక, ఉన్నంతలో చిత్తగించవలెను.

ఇట్లు,
తమ విధేయురాలు,
ఉత్తీర్ణురాలు (అన్యాయముగా)

తా.క. కవరు అంటిస్తుండగా విత్తన సంస్థ వాళ్ళు ఫోను చేశారు. చోటు ఇంకెవరికో ఇచ్చేశారట. కోడలు "ఫర్వాలేదండీ, థాంక్యూ" అని పెట్టేసి, పెరట్లోకి వెళ్ళి కుండీలకు నీళ్ళు పోస్తోంది. పోసిన కుండీకే మళ్ళీ పోస్తోంది. నేను కిటికీలోంచి చూస్తున్నాను, పిలవడానికి నోరు రావడం లేదు. ఇప్పుడిక ఆ మార్కులు ఎందుకని అడుగుతారేమో. ఎందుకో నాకూ తెలియదు. వేయండి.