అరువు చక్రాలు

పటమట,
మంగళవారం

స్టెల్లా నాన్నగారికి,

షెడ్డుకి పంపే క్యారేజీలో, పప్పు గిన్నె కింద ఈ కాగితం పెడుతున్నాను. గ్రీజు చేతులు తుడుచుకుని, అన్నం తిన్న తర్వాతే చదవండి. ఒకే ఇంట్లో ఉంటూ ఉత్తరమేమిటని నవ్వుకుంటారేమో. ఎదురుగా నిలబడి చెప్పబోతే మూడో మాటకే మీ గొంతు కింద నా గొంతు నలిగిపోతుంది. ఇరవై ఎనిమిదేళ్ల కాపురంలో నేను మొదలుపెట్టి పూర్తి చేసిన మాటలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. కాగితం మీదైతే మధ్యలో ఎవరూ అడ్డు రారు.

నిన్న మీ ఖాకీ చొక్కా నానబెట్టబోతూ జేబులు చూశాను. రెండు కాగితాలు దొరికాయి. రెండూ మన షెడ్డులో ఉన్న జయకృష్ణ ఎర్ర కారువే. పదిహేనేళ్లు నిండిన బండి కాబట్టి ఇంకా రోడ్డు మీద తిరగడానికి పనికొస్తుందో లేదో చూసి తనిఖీ కేంద్రం వాళ్లు ఇచ్చినవి. నేను పదో తరగతితో ఆపేసినా, కూడబలుక్కుంటే ఇంగ్లీషు అర్థమవుతుంది. మొదటి దాంట్లో ఎడమవైపు వెనక చక్రానికి బ్రేకు పట్టడం లేదనీ, నాలుగు టైర్లూ అరిగిపోయాయనీ రాసి, కింద ఫెయిల్ అని ముద్ర వేశారు. రెండో దాంట్లో అన్నీ బాగున్నాయి. పాస్. మధ్యలో నాలుగే రోజులు. ఆ రెండు సీట్ల చిన్న కారు సామాను ఇక్కడ దొరకదనీ, తెప్పించాలంటే నెలన్నర పడుతుందనీ భోజనం దగ్గర మీరే కదా అన్నారు!

నాలుగు రోజుల్లో ఎలా బాగుపడిందో నాకు తెలుసు. షెడ్డు వెనకాల పట్టా కప్పి ఉంచిన డాక్టరుగారి తెల్ల బండి కూడా అలాంటిదే. దాని చక్రాలూ బ్రేకులూ విప్పి దీనికి బిగించారు. తనిఖీ అయ్యాక మళ్లీ విప్పి దానికి పెట్టేశారు. అరువు నగలతో పెళ్లికి వెళ్లి వచ్చినట్టు. ఒక్కరోజు ముచ్చటకి మీ షెడ్డులో ఇలా చక్రాలు అరువివ్వడం నేను కాపురానికి వచ్చినప్పటి నుంచీ చూస్తున్నదే.

మొన్న ఆదివారం మనం చర్చిలో పూజ నుంచి రాగానే ఆ కుర్ర జంట మనింటికి వచ్చారు కదా. "నమ్మకమైన బండేనా అంకుల్? బందరు దాకా తోలొచ్చా?" అని జయకృష్ణ అడిగాడు. మీరు కాఫీ ఊదుకుంటూ, "నా మాటెందుకు బాబూ, కాగితమే మాట్లాడుద్ది" అన్నారు. అతని భార్య చిన్ని నా చెయ్యి పట్టుకుని, "మా ఆయనకి పెద్ద పెళ్లాం ఆ కారే ఆంటీ, నేను రెండో దాన్ని" అని నవ్వింది. "మరి భయం లేదా తల్లీ?" అంటే, "అంకుల్ చెయ్యి పడిన బండికి భయమేంటండీ" అంది. ఆ మాట విన్నప్పుడు నాకేమీ తెలియదు. ఇప్పుడు తెలుసు.

శనివారం వాళ్లు మంగినపూడి సముద్రానికి వెళుతున్నారు. బండి ఇవ్వకండి. ఇంకేమీ అడగను.

శౌరమ్మ


బుధవారం

స్టెల్లా నాన్నగారికి,

నిన్న క్యారేజీ ఖాళీగా వచ్చింది. కాగితం లేదు. చదివారన్నమాట. ఇంటికొచ్చి మాత్రం "పప్పులో ఉప్పెక్కువైంది" అన్నారు, అంతే. నేనూ సరేనన్నాను. మన మధ్య ఇలాంటివి చాలా అయ్యాయి. ఉప్పు మీదకో, ఉక్కపోత మీదకో తోసేసి పడుకుంటాం.

ఈ రోజు అలా తోసేయలేను. పొద్దున జపమాల చేతిలోకి తీసుకుంటే ఏ దేవ రహస్యాన్ని ధ్యానిస్తున్నానో మరిచిపోయి మళ్లీ మొదటికి వచ్చాను. కళ్లు మూస్తే బందరు రోడ్డు. పక్కనే కాలువ.

మీకు ఎప్పుడూ చెప్పని మాట ఒకటి చెబుతున్నాను. నా తమ్ముడు యేసుబాబు ఆటో ఆ కాలువలో పడి పంతొమ్మిదేళ్లయింది. వాన, జారుడు, దేవుడి చిత్తం అని అందరూ అన్నారు. నేనూ అన్నాను. కానీ చావుకు వారం ముందు వాడి ఆటో తనిఖీ అయింది. ఆ రోజు దానికి వేసిన మూడు టైర్లూ మన షెడ్డువి. ఎలా తెలుసంటారా? వాటి అంచుల మీద మీరు తెల్ల రంగుతో గుర్తు పెట్టేవారు, ఎవరూ మార్చేయకుండా. తనిఖీ నాడు మనింటి ముందు ఆటో ఆపి వాడు కాఫీ తాగాడు. గుర్తులు చూశాను. క్రేనుతో బండిని పైకి లాగిన రోజు చక్రాల మీద గుర్తులు లేవు. చేత్తో తడిమాను కూడా. అరిచేతికి గీతలు తగల్లేదు, బోడి రబ్బరు.

ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. అమ్మ చనిపోయేటప్పుడు కూడా చెప్పలేదు. మీరు గమనించి ఉండరనీ, పదిమందికి ఇచ్చినట్టే ఇచ్చి తీసుకున్నారనీ నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఇన్నేళ్లూ ఫాదర్‌గారి దగ్గర పాపసంకీర్తనంలో కోపగించుకున్నాననీ, పక్కింటివాళ్ల మీద చాడీలు విన్నాననీ చెప్పాను. ఇది మాత్రం గొంతు దాటి రాలేదు. చూసి ఊరుకున్నదానికి కూడా లెక్క ఉంటుందండీ. చిన్నికి మన స్టెల్లా వయసే.

నాకు చాలా భయంగా ఉంది. మీరంటే కాదు. మళ్లీ చక్రాలు తడమాల్సి వస్తుందేమోనని.

శౌరమ్మ


గురువారం

స్టెల్లా నాన్నగారికి,

ఇది చదివాక మీరు క్యారేజీ విసిరికొట్టినా సరే. గోంగూర ఉంది, చొక్కా మీద పడకుండా చూసుకోండి.

నిన్నటి కాగితమూ చదివారు. అయినా రాత్రి ఫోనులో జయకృష్ణతో, "శనివారం పొద్దున్నే వచ్చి తీసుకెళ్లు బాబూ" అంటుంటే వంటింట్లోంచి విన్నాను. అందుకని ఈ పొద్దున పూజకు వెళ్లేటప్పుడు యేసు తిరుహృదయం పటం కింద మేకుకి తగిలించి ఉన్న ఆ కారు తాళం తీసుకున్నాను. దొంగతనమే. కొంగున ముడి వేసుకుని వెళ్లాను. కాలువలో పడేద్దామని మొదట అనుకున్నాను, కానీ ఆ కాలువకి ఇంకొకటి ఇవ్వడానికి నాకు మనసొప్పలేదు. గుళ్లో కానుకల పెట్టెలో వేసేశాను. అడుగున పడ్డ చప్పుడుకి ముందు వరసలో ముసలమ్మ వెనక్కి తిరిగి చూసింది. చిల్లరనుకుని ఉంటుంది.

ఆ పెట్టెకి రెండు తాళాలున్న సంగతి మీకూ తెలుసు. తాళంచెవులు ఒకటి ఫాదర్ నతానియేలుగారి దగ్గర, ఇంకొకటి సంఘపెద్ద ఇశ్రాయేలుగారి దగ్గర ఉంటాయి. నెల మొదటి ఆదివారం పూజయ్యాక అందరి ముందూ తప్ప తీయరు. ఈ నెల అది వాళ్ల శనివారం ప్రయాణం మర్నాడే వస్తుంది. ఇక కారు రెండో తాళం దాని మొదటి యజమాని పోగొట్టుకున్నాడని మీరే చెప్పారు.

మీకు ఎదురుతిరగడం ఇదే మొదటిసారి. కొడతారేమోనని భయం కాదు, మీరు ఎప్పుడూ కొట్టలేదు. ఇక నాతో మాట్లాడరేమోనని భయం. అయినా ఆ పిల్ల బతికుండి మీరు మాట్లాడకపోవడం నయం.

శౌరమ్మ


సోమవారం

స్టెల్లా నాన్నగారికి,

శనివారం సాయంత్రం క్యారేజీ తెరిస్తే పై గిన్నెలో మీ కాగితం. ఫెయిల్ అయిన ఆ మొదటి కాగితం వెనక, పెన్సిలుతో. పెళ్లయ్యాక మీరు నాకు రాసిన మొదటి ఉత్తరం అదే. అప్పటి నుంచి ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు. ఎన్నిసార్లు చదివానో, ఇప్పుడు చూడకుండా రాయగలను. ఇలా రాశారు:

"శౌరీ, తాళం లేకపోతే బండి కదలదనుకున్నావా పిచ్చిదానా. తాళాల్లేని బండ్లు స్టార్టు చేసి లేపడం ముప్పయ్యేళ్లుగా నా పనే. శుక్రవారం పొద్దున లేపాను. గేటు దాకా తెచ్చి బ్రేకు తొక్కితే కుడికి లాగింది. అక్కడే దిగి మడ్‌గార్డు మీద కూలబడ్డాను. టైర్లు నావేనని నీకు తెలుసు. తెలియంది ఒకటుంది. ఆ రోజు నేను విప్పుతుంటే యేసుబాబు నా చెయ్యి పట్టుకున్నాడు. బావా, ముసురు పట్టింది, ఒక్క వారం ఉంచు బావా అన్నాడు. అవతల ఇంకో ఆటోవాడు ఆ టైర్ల కోసమే నిలబడి ఉన్నాడు. నీకేంట్రా, నువ్వు చెయ్యి తిరిగిన డ్రైవరువి అని నవ్వి విప్పేశాను. వాడు పోయాక ఈ పని మానేద్దామనుకున్నా. మానేస్తే నావల్లే పోయాడని నలుగురి ముందూ ఒప్పుకున్నట్టవుద్దని మానలేదు. ఇవాళ జయకృష్ణకి రెండు కాగితాలూ చూపించాను. నోటికొచ్చినట్టు తిట్టాడు. ఆ పిల్ల ఎక్కబోతూ తీసిన తలుపు మెల్లగా మూసింది. సామాను తెప్పిస్తున్నా. జక్కయ్య."

నేను మీకు తెలియక జరిగిందనుకుని పంతొమ్మిదేళ్లు బతికాను. మీకు తెలుసు. వాడు అడిగాడు కూడా. చదివాక, ఈ చేత్తో మీకు మళ్లీ అన్నం కలిపి పెట్టగలనా అనుకున్నాను. నిన్న గుళ్లో మోకాళ్ల మీద ఉన్నాను గానీ ఒక్క ప్రార్థన రాలేదు. వాడు మీ చెయ్యి పట్టుకున్నదే కనిపిస్తోంది.

పూజయ్యాక పెట్టె తెరిచారు. నోట్ల మధ్యలోంచి ఫాదర్‌గారు తాళం పైకెత్తి, "ఎవరమ్మా దేవుడికి కారు రాసిచ్చింది?" అన్నారు. గుడంతా నవ్వింది. ఇశ్రాయేలుగారు, "గాడిదెక్కి ఊరేగిన యేసు స్వామికి కారెందుకు ఫాదర్" అన్నారు. మళ్లీ నవ్వు. నేను లేచి చెయ్యెత్తాను. అంతమందిలో నా గొంతు నాకే కొత్తగా వినపడింది: "నాదండీ. నేనే వేశాను." ఎందుకని ఎవరూ అడగలేదు. అడిగితే చెప్పడానికే లేచాను.

మిమ్మల్ని క్షమించానని రాయలేను. రాస్తే అది కూడా అరువు చక్రమే అవుతుంది. ఒకటి మాత్రం అడుగుతాను. సామాను వచ్చి, దాని సొంత చక్రాలతో ఆ బండి నిజంగా పాసైన రోజున, జయకృష్ణకి ఇచ్చే ముందు నేను ఎక్కుతాను. అందులో ఇద్దరికే చోటు. మీరు తోలండి. బందరు రోడ్డు మీదుగా, యేసుబాబు పడ్డ ఆ మలుపు దాకా. దారంతా నాకు భయంగానే ఉంటుంది, జపమాల పట్టుకుని కూర్చుంటాను, ఏమీ అనుకోకండి. మలుపు దగ్గర గట్టిగా బ్రేకు తొక్కండి. బండి తిన్నగా ఆగితే దిగుదాం. కాలువ గట్టు మీద నిలబడి, ఆ రోజు వాడికి చెప్పాల్సిన మాట ఇప్పుడు చెప్పండి. వినడానికి నేను పక్కనే ఉంటాను.

ఫాదర్‌గారు తిరిగిచ్చిన ఆ కారు తాళం పై గిన్నెలో పెట్టాను. అన్నం కింద గిన్నెలో ఉంది, చల్లారకముందే తినండి.

శౌరమ్మ