వెనక గ్లాసు మీద పేర్లు

11 జూన్ 2025, బుధవారం

కారు వచ్చింది. సంతోషంగా నాలుగు మాటలు రాద్దామని కూర్చున్నాను. కోపమే వస్తోంది.

తిరువళ్లూరు షోరూంలో అట్టతో చేసిన పెద్ద తాళంచెవి ఒకటి ఉంటుంది, ఫోటోకి. సేల్స్ పిల్లోడు నరేష్ దాన్ని తిన్నగా తీసుకుపోయి మునెయ్య చేతిలో పెట్టినాడు. మునెయ్య నా మొగుడు. నోటితో ఆ పేరు చెప్పను, ఇక్కడ మాత్రం రాస్తాను. ఆయనకు సైకిల్ తప్ప ఇంకేదీ తొక్కడం రాదు. లైసెన్స్ నాది. రిజిస్ట్రేషన్ నా పేరు మీద. ఆర్.కె.పేట చుట్టుపక్కల మగ్గాల ఇళ్లలో చీరలు తీసుకుని తిరుత్తణి, తిరువళ్లూరు అంగళ్లకు వేసేది నేను. ఇన్నేళ్లు టౌన్ బస్సుల్లో మూటలు మోసి కొన్న కారు ఇది. ఫోటోలో చూస్తే నేను ఓ పక్కన కేకు డబ్బా పట్టుకుని నిలబడి ఉన్నాను.

ఈ కారే ఎందుకు కొన్నావని ఇంట్లో ఒక్కరూ అడగలేదు. బూట్ కోసం. చీరల మూటలు షోరూంకే తీసుకుపోయి, బూట్‌లో పేర్చి, మూత పడుతుందా లేదా చూసుకుని కొన్నాను. నరేష్ నవ్వినాడు. నవ్వుకోనీ.

ఈ డైరీ ఇంట్లో యాడ పడేసినా నాకు భయం లేదు. నేను నగరి పక్క తెలుగు బడిలో చదివినాను. వీళ్లందరిదీ అరవ బడి. నోరు తెరిస్తే తెలుగే, రాసింది చూస్తే మాత్రం జిలేబీలు అంటారు. ఒక్కరికీ ఒక్క అక్షరం రాదు.

13 జూన్, శుక్రవారం

తిరుత్తణి కొండ మీద పూజ. గుడి పూజారి, గురుక్కల్, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టినాడు. నేను చెప్పులు విడిచి డ్రైవర్ డోర్ మీద చెయ్యి వేసినాను. నటరాజన్ బావ అడ్డం వచ్చి, మొదటి తొక్కుడు మొగబిడ్డ తొక్కల్ల, నువ్వు అట్ల జరుగు అన్నాడు. ఈయన మునెయ్యకు అన్న. ఈ ఇంట్లో ఆయన మాటంటే మాటే.

మా వాడు ధనుష్ ఎక్కి నిమ్మకాయలు తొక్కించినాడు. పేరు, నక్షత్రం అడిగితే వాడివే చెప్పినారు. అర్చన వాడి పేరు మీదే అయింది. కొండ దిగేటప్పుడు నేను వెనక సీట్లో. వాడు మలుపు మలుపుకీ బ్రేక్ తొక్కుతుంటే, దేవుడి ప్రసాదం ఒళ్లో పెట్టుకుని పళ్లు కొరుక్కుంటా కూర్చున్నాను.

15 జూన్

సీట్ల ప్లాస్టిక్ కవర్లు తీయకూడదంట. కూర్చుంటే చిప్స్ ప్యాకెట్ మీద కూర్చున్నట్టే ఉంది.

22 జూన్, ఆదివారం

ఇంటి ముందర మహాసభ. కారు చుట్టూ కుర్చీలు. ఒక్కొక్కరూ సలహా.

నటరాజన్ బావ చుట్టూ తిరిగి చూసి, వెనక స్పాయిలర్ లేకుంటే తోక కోసిన ఆవు మాదిరి ఉండాది అన్నాడు. వీల్స్ నల్లవి వేయించల్లంట. గ్లాసులకు నల్ల ఫిల్మ్ వేస్తే సెమ కెత్తుగా, దర్జాగా ఉంటాదంట. పోలీసులు ఆపుతారు బావా అంటే, ఆపితే నా పేరు చెప్పు అన్నాడు. ధనుష్‌కి డాష్‌బోర్డ్ కింద బ్లూ లైట్లు కావాల. బూట్‌లో పెద్ద సబ్‌వూఫర్ కావాల, పాట పెడితే ఆర్.కె.పేట బస్టాండ్ దాకా దడదడమనల్ల అంటాడు. మునెయ్య మెల్లగా, తలుపుల లోపలి పక్క చెక్క డిజైన్ వేస్తే పెద్దింటి కారు మాదిరి ఉంటాది గదా అన్నాడు. పెద్దింటి కారు! ఆయన రెండు సార్లు కూడా ఎక్కలేదు. వాంతి వస్తుందంట.

నాకు ఒక్కటే కావాలన్నాను. బూట్‌లో అడుగున సమంగా ఒక పలక వేయిస్తే మూటలు వంగవు, చీర మడతలు నలగవు.

అందరూ నా వైపు చూసినారు. ఇంకొంచెం టీ ఉండాదా అన్నాడు నటరాజన్ బావ.

27 జూన్

మధ్యాహ్నం కంపెనీ నుంచి ఫోన్. ఎవరో అమ్మాయి. కొత్త కారు కదా, స్టైలింగ్ గురించి, లోపలి సదుపాయాల గురించి సలహాలు తీసుకుంటున్నామంది. నేను హలో అనగానే, సార్ ఉన్నారా మేడమ్, ఫోన్ ఆయనకిస్తారా అంది.

సార్ నిద్రపోతున్నాడు, నడిపేది నేను, నన్నే అడుగు అన్నాను. అడిగింది. పదహారు రోజుల కోపమంతా ఆ పిల్ల మీదే కుమ్మరించినాను, పాపం.

తల ఆనుకునేది ముందుకు పొడుచుకొచ్చింది, కొప్పు పెట్టుకుంటే మెడ వంగిపోతుంది, పూలు నలిగిపోతాయి అన్నాను. బెల్టు నా ఎత్తుకి గొంతు కోస్తుంది, పైట చెంగు లాగేస్తుంది. హ్యాండ్‌బ్యాగ్ పెట్టుకునే చోటే లేదు. సీసాలకు మాత్రం అన్ని పక్కలా గుంటలు. అన్నిటికంటే పెద్దది, ఎండ అడ్డుకునే ఆ రేకు దించితే పక్క సీటు వైపు అద్దం ఉంది, డ్రైవర్ వైపు లేదు. ఆడది ఎప్పటికీ పక్క సీట్లోనే కూర్చుంటుందని ఎవరు చెప్పినారు మీకు? ఈ కారు బొమ్మ గీసినోడి ఇంట్లో ఆడవాళ్లు లేరా?

ఆ అమ్మాయి గొంతు తగ్గించి, మేడమ్ నేను కూడా అదే అనుకుంటా ఉంటా అంది. అన్నీ రాసుకున్నానంది. రాసుకుందో లేదో. ఇన్నాళ్లకు నా మాట విన్నది ఆమె ఒక్కతే.

1 జూలై

తిరువళ్లూరు దగ్గర పోలీసులు ఆపి, బావ పట్టుబట్టి వేయించిన నల్ల ఫిల్మ్ పీకించినారు. నటరాజన్ బావ పేరు చెప్పినాను. ఎవరాయన అన్నారు.

4 జూలై, శుక్రవారం

ఈ రోజు మర్చిపోను.

పూండి పక్క ఒక పెళ్లింటికి చీరలు పొద్దున్నే చేర్చాలి. నేసింది సెల్లమ్మ. వాళ్ల ఇంట్లో మగ్గం గుంటలో దిగిందంటే మళ్లీ అన్నానికే పైకి వచ్చే మనిషి. చివరి చీర నిన్న సాయంత్రం మగ్గం మీంచి కోసి ఇచ్చింది, చంద్రావతక్కా జాగ్రత్త అని. ఆరింటికి బూట్ తెరిచినాను.

లోపల నల్ల పెట్టె. ఈ చివర నుంచి ఆ చివరకి. నిన్న నేను మగ్గాల ఇళ్లకు నడిచి పోయినప్పుడు ధనుష్ సబ్‌వూఫర్ బిగించుకొచ్చినాడు. ఒక్క మూట పట్టదు. సీట్ల మీద పెడదామంటే ముందూ వెనకా కొత్త సీట్ కవర్లు, వాటి గమ్ము ఆరలేదంట, చేత్తో తాకితే జిగట. పట్టుచీరలు దాని మీద పెట్టనా?

ధనుష్‌ని లేపినాను. అమ్మా, వైరింగంతా చేసేసినారు, ఇప్పుడు తీస్తే పాడవుతాది, ఇయ్యాల ఒక్కపూట బస్సులో పోయిరా అన్నాడు. దుప్పటి ముసుగులోంచి. మునెయ్య వచ్చి, చిన్నపిల్లోడు ఏదో ఆశపడినాడు విడువు అన్నాడు. చిన్నపిల్లోడికి ఇరవై నాలుగు.

కారు వాకిట్లో మెరుస్తా ఉంది. నేను మూటలు నెత్తిన పెట్టుకుని బస్టాండ్‌కి నడిచినాను. కండక్టర్ వేల్‌మురుగన్ ఎన్నేళ్లుగానో తెలిసినవాడు. ఏం అక్కా, కారు కొన్నావంటనే, మళ్లీ మా బస్సేనా అన్నాడు. ఎగతాళికి కాదు, నిజంగానే అడిగినాడు. దానికే ఏడుపు వచ్చింది. కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను.

చీరలు చేరినాయి. పెళ్లివాళ్లు ఏమీ అనలేదు. నన్ను నేనే అనుకున్నాను. ఎన్ని మూటలు మోసినా బాధ లేదు. నా కారు ఇంటి ముందర పెట్టుకుని మోయడం, అదీ నేను మోయలేని బరువు.

5 జూలై

కారు తాళంచెవి నా నడుముకు దోపుకున్నాను. అడిగినవాళ్లకు ఇవ్వలేదు. అన్నం మాత్రం పెట్టినాను.

13 జూలై, ఆదివారం

స్నానానికి పోతూ తాళంచెవి సామాన్ల గూట్లో పెట్టినాను. అదే అదనని అన్నదమ్ములిద్దరూ ధనుష్‌ని తోడు తీసుకుని పోయి వెనక గ్లాసు మీద పేర్లు వేయించుకొచ్చినారు. మా ఊళ్లో ఏ బండికైనా ఉండేదే అది, వెనక గ్లాసు మీద ఇంటి పేర్లు. అరవ అక్షరాలు, ఎర్రంచు వేసి. పైన మా మామ పేరు, పచ్చయ్యప్ప తుణై, అంటే ఆయనే తోడు అని. ఆయన పోయి చాలా కాలమైంది, బస్సు ఎక్కడానికే భయపడేవాడు. ఆయనే ఇప్పుడు కారుకి తోడు. కింద నటరాజన్, మునెయ్య, ధనుష్, మనీష.

రెండుసార్లు చూసినాను. మూడోసారి కూతురు మనీషే అడిగింది, అమ్మ పేరు యాడ అని. మునెయ్య తల గోక్కున్నాడు. నటరాజన్ బావ, జాగా యాడుండాది పాపా, ఇంటి ఆడదాని పేరు రోడ్డంతా తిరగల్లనా అన్నాడు. మరి మనీష? అదింకా పిల్ల గదా అన్నాడు.

ఒళ్లు మండిపోయింది. చేతిలో ఉన్న పళ్లెం విసిరేద్దామనుకున్నాను. స్టీలు పళ్లెం, సొట్ట పడితే మళ్లీ నేనే కొనాలి. కింద పెట్టినాను.

16 జూలై, బుధవారం

రేపటి నుంచి ఆడి మాసం, కొత్తవేవీ చేయరు. ఏం చేసినా ఈ రోజే. ఒక్కదాన్నే కారు తీసుకుని తిరువళ్లూరులో స్టిక్కర్లు, సౌండ్ బాక్సులు వేసే షాపుకి పోయినాను. షాపు ఎస్తేర్ అనే ఆమెది. ముందు ఆ పెట్టె ఊడదీయించినాను. వైరింగ్ ఏమీ పాడవలేదు. అక్కడే సమంగా పలక కోయించి బూట్‌లో పరిపించినాను, అంచులు చీరకు తగలకుండా గుండ్రంగా.

తర్వాత కాగితం మీద తెలుగులో ఒక మాట రాసిచ్చినాను. గ్లాసుకు అన్నిటికంటే పైన, పచ్చయ్యప్ప మామకంటే పైన, బంగారు రంగులో, మిగతా వాటికంటే పెద్దదిగా. ఎస్తేర్ కాగితం అటూ ఇటూ తిప్పి, ఏముంది అక్కా దీంట్లో అంది. చెప్పినాను. ఆమె నవ్వలేదు. పెద్దగానే కోస్తాలే అక్కా అని మిషన్ ముందర కూర్చుంది.

ఇంటికొచ్చి సబ్‌వూఫర్ ధనుష్ మంచం పక్కన దించినాను. వాడు మొహం మాడ్చుకుని తిరుగుతున్నాడు, తిరగనీ. అడిగితే మొహం మీదే చెప్పేద్దామని వాకిట్లో నిలబడి ఉన్నాను. ఎవరూ అడగలేదు! నటరాజన్ బావ ఆ అక్షరాలు చూసి, ఆంధ్రా నుంచి కొండకొచ్చే బండ్ల మీద ఇట్లనే ఉంటాది, మురుగన్ పేరురా ఇది, మంచి పని చేసింది అని చెంపలేసుకున్నాడు. మునెయ్య కూడా వేసుకున్నాడు.

తెరిచిన నోరు మూసుకున్నాను.

19 జూలై

మనీష ఫోన్ కెమెరా ఆ అక్షరాల మీద పెట్టి చదివింది. నా వైపు చూసింది. ఫోన్ జేబులో పెట్టేసుకుంది. తర్వాత వచ్చి మూటలన్నీ తనే బూట్‌లో సర్దింది.

1 ఆగస్టు, శుక్రవారం. పొద్దున ఆరున్నర

మునెయ్య స్నానం చేసి, తడి పంచెతో వచ్చి, వెనక గ్లాసు మీద ‘చంద్రావతి’కి పసుపు కుంకుమ పెట్టినాడు. కర్పూరం వెలిగించి చూపించినాడు. కళ్లు మూసుకుని ఏదో మొక్కుకున్నాడు.

నేను డ్రైవర్ సీట్లో కూర్చుని మిర్రర్‌లో చూసినాను. ఆయన మొక్కు అయ్యేదాకా ఇంజన్ స్టార్ట్ చేయలేదు.