పద్నాలుగో మంచం దగ్గర నేను లేనని నమోదు చేయుట గురించి

విశాఖపట్నం,
19-3-2007.

శ్రీయుత తహసీల్దారు గారి సముఖమునకు,

గాజువాక నివాసి గొర్లె తవిటయ్య, బి.కాం., హార్బరులో టాలీ క్లర్కు, రాసుకున్న అర్జీ.

అయ్యా,

విషయం: మూతపడిన కొండవాలు కార్మిక ఆసుపత్రి, స్త్రీల వార్డు, 14వ మంచం. అటెండెంటు రిజిస్టరులో 9-7-1998 నాటి నా సంతకాలు అబద్ధమని నమోదు చేయుట గురించి.

1. నా భార్య రోజారమణి, వయస్సు 31, గొంతుకు ఆపరేషన్ జరిగి పై ఆసుపత్రిలో ఇరవై మూడు రోజులు ఉండి, పై తేదీన మధ్యాహ్నం 3 గంటల 10 నిమిషాలకు మరణించినది. ఆసుపత్రి 2001లో మూతపడినది. కాగితాలు, మంచాలు లోపలే ఉండిపోయినవి.

2. ఆపరేషన్ తరువాత ఆమెకు మాట లేదు. నన్ను పిలవవలసి వస్తే, నేనిచ్చిన స్టీలు గ్లాసుతో మంచం పట్టీ మీద మూడుసార్లు కొట్టేది. నేను వరండాలో ఉన్నా వినబడేది. ఈ సంగతి తరువాత అవసరమవుతుంది గనుక ఇక్కడ రాస్తున్నాను.

3. ఆ వార్డులో రోగి పక్కన మనిషి ఉండి తీరాలని నిబంధన. రెండేసి గంటలకు ఒకసారి రిజిస్టరులో సంతకం చేయాలి. ఒక్క గడి ఖాళీగా ఉన్నా మర్నాడు మంచం ఖాళీ చేయమనేవారు. పనికి పోయేవాళ్ళం ఉదయం ఆరింటికే రోజు మొత్తానికి సంతకాలు పెట్టేసి వెళ్ళేవాళ్ళం. ఆయా సన్యాసమ్మ చూసీ చూడనట్టు ఊరుకునేది. నా ఉద్యోగం ఓడలో నుంచి దిగే బస్తాలు చూసి గీతలు పెట్టడం. ఇరవై ఏళ్ళలో నా కంటితో చూడని బస్తాకు ఒక్క గీత పెట్టలేదు. ఆసుపత్రిలో మాత్రం ఇరవై మూడు రోజులూ, ఉండని గంటలకు ఉన్నానని సంతకం చేశాను.

4. 9-7-1998న రెండింటికి డ్యూటీ దిగి రెండున్నరకు వస్తానని ఆమెకు చెప్పి వెళ్ళాను. ఎరువుల ఓడ. రెండింటికి రావలసిన క్లర్కు రాలేదు. ఓడ మీద టాలీ మనిషి లేకపోతే పని ఆగిపోతుంది. నేను ఆసుపత్రికి చేరేసరికి అయిదున్నర. మెట్ల మీద సన్యాసమ్మ ఎదురైంది. "సానాసేపు కొట్టింది బాబూ. నాను పక్క వార్డులో ఉన్నాను. వచ్చేసరికి అయిపోనాది" అన్నది. ఈ మాట నేను ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

5. అదే తేదీన రెండు గంటల గడిలోనూ, నాలుగు గంటల గడిలోనూ నా సంతకం ఉన్నది. అనగా ఆమె చనిపోయిన యాభై నిమిషాల తరువాత కూడా నేను ఆమెకు తోడుగా ఉన్నట్టు ప్రభుత్వం వారి దగ్గరున్న పుస్తకం చెబుతున్నది.

6. గత ఫిబ్రవరిలో మధురవాడలోని కంప్యూటరు ఆఫీసులలో పనిచేసే అయిదుగురు యువకులు, వీరేంద్ర అనే అతని ఆధ్వర్యంలో, ఆ ఆసుపత్రిలో దయ్యాలున్నవో లేవో శాస్త్రీయంగా పరిశోధించుటకు తమరి కార్యాలయంలో అనుమతి పొందినారు. పగటిపూట మాత్రమే, మూడు రోజులు. వాళ్ళు స్త్రీల వార్డులో టేపు పెట్టి భోజనానికి వెళ్ళగా, అందులో ఇనుము మీద మూడేసి దెబ్బలు రికార్డయినవి. రిజిస్టరు దొరికినది. రెండూ కలిపి కేబుల్ టీవీలో చూపించారు. నా భార్య పేరు, వయస్సు, మంచం నంబరు చదివారు. భర్త చివరి వరకు పక్కనే కూర్చుని ఉన్నా ఈ ఆత్మ ఎవరిని పిలుస్తున్నదని ప్రశ్న వేసి, దాన్ని జనానికి వదిలేశారు. మా వీధిలో వాళ్ళు తమకు తోచిన జవాబులు చెప్పుకుంటున్నారు. దాని గురించి నా ఫిర్యాదు లేదు.

7. వాళ్ళ నివేదికలో నాలుగో పేజీలో "కారణం తెలియని నీచు వాసన వార్డంతా వ్యాపించి ఉన్నది. ఇది ప్రేత సంచారానికి బలమైన సూచన" అని ఉన్నది. ఈ అంశం మీద 10వ పేరా చూడగలరు.

8. నేను మధురవాడ వెళ్ళి వీరేంద్రను కలిశాను. మర్యాదస్థుడు. కుర్చీ వేసి, మంచినీళ్ళిచ్చి, చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టి వినిపించాడు. అది స్టీలు గ్లాసు చప్పుడు కాదని మొదటిసారే తెలిసింది. అయినా ఇంకో రెండుసార్లు వినిపించమని అడిగాను.

9. నా ముఖ్యమైన బాధ ఇది. నా భార్య తల్లి జోగమ్మ గారు, వయస్సు 74, నా దగ్గరే ఉంటున్నారు. కూతురు పోయినప్పుడు నేను పక్కనే ఉన్నానని, చెయ్యి పట్టుకునే ఉందని, బాధ పడలేదని తొమ్మిదేళ్ళుగా ఆమెకు చెబుతూ వచ్చాను. ఒకసారి చెప్పినదాన్ని ఆమె మళ్ళీ మళ్ళీ అడిగేవారు. ప్రతిసారీ కొంచెం కలిపేవాణ్ణి. టీవీ చూసిన రోజు ఆమె అన్నం ముందు నుంచి లేచి, "పక్కనున్నోణ్ణి గ్లాసు కొట్టి పిలుత్తాదేటి నాయినా?" అన్నారు. గ్లాసు సంగతి ఆమెకు అప్పట్లో నేనే చెప్పి ఉన్నాను.

మర్నాటి నుంచి ఆమె ప్రతిరోజూ షేరు ఆటోలో ఆ ఆసుపత్రి గేటు దగ్గరకు వెళ్తున్నారు. రెండింటి నుంచి నాలుగింటి వరకు ఎండలో రాయి మీద కూర్చుంటారు. లోపల చప్పుడైనప్పుడల్లా "ఉన్నానమ్మా, ఇక్కడే ఉన్నాను" అని బదులు చెబుతారు. నిన్నటికి ఇరవై నాలుగు రోజులు.

10. ఆ చప్పుడు ఎక్కడిదో విచారించాను. ఆసుపత్రి వాచ్‌మన్ ఎల్లాజీ సముద్రం మీద వేట చేసే కుటుంబం వాడు. అతని భార్య నూకాలు వార్డులోని ఇనప మంచాల జల్లెడ పట్టీల మీద నెత్తళ్ళు అనే చిన్న చేపలు ఎండబెడుతున్నది. కిటికీలకు అద్దాలు లేవు, సముద్రపు గాలి తగులుతుంది, కింద నుంచి కూడా ఆరుతాయి. పరిశోధకులు వస్తున్నారని తెలిసి మంచాలను వెనక వరండాలోకి లాగి, ఆ తలుపు తాళం చెవి పోయిందని చెప్పారు. నూకాలు లోపల ఉండిపోయింది. కాకులు వాలినప్పుడల్లా సత్తు పళ్ళెంతో మంచం పట్టీ మీద కొడుతుంది. మూడుసార్లు ఎందుకని అడిగాను. రెండుసార్లకి కాకి లేవదని చెప్పింది.

ఈ సంగతి తమకు రాస్తే ఉద్యోగం పోతుందేమోనని ఎల్లాజీనే అడిగాను. వరస ఏమీ లేకపోయినా నన్ను బావా అనే పిలుస్తాడు. "రాసీ బావా. ముసలమ్మ అలా గేటు కాడ కూకుంటే నాకు ముద్ద దిగట్లేదు" అన్నాడు.

11. కాబట్టి మొన్న జోగమ్మ గారిని లోపలికి తీసుకువెళ్ళి మంచాలు, చేపలు చూపించాను. ఆమె ఎదుటనే నూకాలు పళ్ళెంతో కొట్టి చూపించింది. కాకులు లేచిపోయాయి. దీనితో ఆమెకు నమ్మకం కలుగుతుందనుకున్నాను. ఆమె కాసేపు ఆ పట్టీ మీద చెయ్యి వేసి నిలబడి, "ఇది సేపలకోసం. మరి దానికి గ్లాసెందుకు ఇచ్చేవు? కొడితే వినడానికే కదా" అన్నారు.

12. నిజం చెప్పడానికి ఇంట్లో మూడుసార్లు మొదలుపెట్టాను. ఆ పుస్తకంలో నీ సంతకం ఉందట కదా అని ఆమే నన్ను ఓదారుస్తారు. ఆమెకు చదువు రాదు, కాగితం మీద గురి. నా మాట కంటే నా సంతకం బలంగా ఉన్నది. దాన్ని కొట్టివేసే అధికారం నాకు లేదు. తమకు ఉన్నదని భావించి ఈ క్రింది కోరికలు కోరుతున్నాను.

(అ) పరిశోధకులు తమరి కార్యాలయంలో అప్పగించిన సదరు రిజిస్టరులో 9-7-1998 నాటి ఎనిమిది గంటల గడి నుంచి నాలుగు గంటల గడి వరకు నా సంతకాలు కొట్టివేసి, ఆ గడులలో "లేడు" అని రాయించగలరు.

(ఆ) అలా రాసినట్టు తమ ముద్రతో ఒక నకలు ఇప్పించగలరు. దాన్ని జోగమ్మ గారికి చదివి వినిపించవలసి ఉన్నది. వీలైతే ఆ చదవడం కూడా తమ గుమస్తాల్లో ఎవరైనా చేయగలిగితే మేలు.

(ఇ) ఎల్లాజీ, నూకాలు దంపతులపై ఏ చర్యా తీసుకోకుండా ఉండగలరు. తీసుకోక తప్పదనుకుంటే, 10వ పేరా చదవనట్టు భావించగలరు.

(ఈ) తప్పుడు సంతకానికి ఏ శిక్ష ఉన్నా అది నాకు విధించగలరు. ఆలస్యమైనదని వదిలివేయవద్దు.

తీరిక చేసుకుని నా మనవి చిత్తగించవలెనని కోరుకుంటూ,

తమ విధేయుడు,
గొర్లె తవిటయ్య

తా.క.: ఈ అర్జీ కవరులో పెడుతుండగా జోగమ్మ గారు ఏం రాశానని అడిగారు. దాచడానికి ఇక ఓపిక లేక మొదటి నుంచి చదివాను. నాలుగో పేరా దగ్గర ఆపమన్నారు. "అయితే ఆయేల దాని కాడ ఎవులూ నేరా" అన్నారు. లేరన్నాను. తరువాత లేచి, వంటింట్లో మూలనున్న ఆ స్టీలు గ్లాసు కడిగి, నా చేతికి ఇచ్చి, "రేపు నువ్వూ రా. ఇద్దరం కూకుందాం" అన్నారు.

కావున (ఆ) కోరిక రద్దు చేసుకుంటున్నాను. నకలు అవసరం లేదు. దాని స్థానంలో ఒక్క మధ్యాహ్నం, రెండున్నర నుంచి మూడుంపావు వరకు, పద్నాలుగో మంచం దగ్గర మా ఇద్దరినీ కూర్చోనివ్వవలసిందిగా ఎల్లాజీకి ఒక చీటీ రాసి ఇప్పించగలరు. చేపలు తీయించనక్కరలేదు.

సంతకం కావాలంటే, అక్కడికి వెళ్ళిన తరువాతనే పెడతాను.