ఎవరి గట్టు నెత్తురు

జూన్ 2

వాన ముందు ఉక్క. చర్ల అవతలి పల్లె నుంచి నాగమణిని మా ఆసుపత్రికి తెచ్చారు. తొలి కాన్పు, నెలలు నిండాయి. అరచేతులు సున్నంలా తెల్లగా ఉన్నాయి. కాన్పులోపే రక్తం ఎక్కించాలని డాక్టర్ గారు మా నర్సులకు గట్టిగా చెప్పారు. భర్త రాంబాబు చొక్కా చెయ్యి అప్పుడే మడిచేశాడు. "నాది తీస్కో మేడం, జల్దీ." ముచ్చటేసింది. కనే వయసు ఆడదానికి భర్త రక్తం నేరుగా ఎక్కించరు, బ్లడ్ బ్యాంకులో ఇస్తే బదులుగా ఇంకొకరి బ్యాగు ఇస్తారు... అంత వివరం ఎందుకులే అని సరే అన్నాను.

జూన్ 3

సంబరం పూట కూడా నిలవలేదు. నాగమణి చెయ్యి దుప్పట్లో దాచేసుకుంది. "అతని నెత్తురు నాకొద్దు." మొగుడూ పెళ్లాల అలక అనుకుని సర్దిచెప్పబోయాను, పెద్ద ఆరిందాలా. అత్త ముత్తమ్మ నన్ను వరండాలోకి పిలిచింది.

వాళ్ల అడవి ఊళ్లలో గట్లు ఉంటాయి, గోత్రాల్లాంటివి. ఒకే గట్టువాళ్లు తోబుట్టువులు, పెళ్లి పనికిరాదు. ఇంటిపేరు చెబితే చాలు, ఏ గట్టో ముత్తమ్మ చెప్పేస్తుందట.

"మావోనిది ఐదో గట్టు, కోడలిది వేరే. పెండ్లితోని ఇల్లు మారుతది గానీ నెత్తురు మారదు బిడ్డా. వాని నెత్తురు ఆమెల పారితే ఇగ వాడు మొగుడెట్లయితడు? అన్నయితడు."

నవ్వొచ్చింది, మింగేశాను. బదులు బ్యాగు సంగతి అప్పుడు చెప్పాను. "అది ఎవలది? ఏ గట్టు?" బ్యాగు మీద గ్రూపు రాస్తారు, గట్టు రాయరు. నాగమణి అన్న ఇస్తే పేచీ ఉండదు, కానీ అతను మలేరియాతో మంచంలో ఉన్నాడు. నిన్ననే అంతా చెప్పి ఉంటే ఒక రోజు కలిసొచ్చేది. నా మీద నాకే చిరాకు.

జూన్ 4

మధ్యాహ్నం ముత్తమ్మ పక్కన కూర్చున్నాను. విత్తనాల పండుగ గురించి చెప్పింది. కోడిని కోసి ఆ నెత్తురు గింజల్లో కలిపాకే చేనులో చల్లుతారు. "అప్పుడే భూమికి మనం ఎవలమో ఎరుకైతది."

మళ్లీ తనే, "మీరు చర్చిల నెత్తురు తాగుతరంట గదా?"

"ద్రాక్షరసం అమ్మా అది." మణుగూరులో మా అమ్మే కాస్తుంది, నల్లద్రాక్ష ఉడికించి గుడ్డలో వడకట్టి.

"మరి నెత్తురని ఎందుకంటరు?"

చిన్నప్పటి నుంచి తాగుతున్నాను, ఎవరూ ఇలా అడగలేదు. ఒకే గిన్నెలోది తాగితే అందరం ఒకే ఇంటివాళ్లమని — అన్నాను.

"గదే గదా నేను జెప్పేది."

గేటు దగ్గర ఫ్లెక్సీ కట్టారు, 'రక్తబంధం' పేరుతో రక్తదాన శిబిరం. ముత్తమ్మ నాతో చదివించుకుంది. "సూడు. మీవోళ్లకూ ఎరుకే."



జూన్ 5

నాగమణికి ఆయాసం. పడుకోలేకపోతోంది. రాంబాబు మెట్ల మీద తల పట్టుకుని కూర్చున్నాడు. భయంగా ఉంది.

జూన్ 6

"నీది ఏ గట్టు బిడ్డా?"

"మాకు గట్లు లేవమ్మా. కిరస్తానీవాళ్లం."

ముత్తమ్మ నా చెయ్యి పట్టుకుంది. "అయితే నీది ఇయ్యి. ఏ గట్టుకూ అడ్డం రాదు."

గ్రూపు కలిసింది. ఇచ్చాను. ఇంత తేలికగా విడిపోయే ముడి కోసమా ఇన్నాళ్లు కొట్టుకున్నాం అనిపించింది. పరీక్షలయ్యాక రేపు ఎక్కిస్తారు.

జూన్ 7

నాగమణి చెయ్యి తనే చాపింది. సగం బ్యాగు ఎక్కేసరికి పెదవులకు కాస్త రంగు... నన్ను ఇన్నాళ్లూ మేడం అన్న పిల్ల, ఇవాళ "అక్కా, నీళ్లు" అంది. ముత్తమ్మ నవ్వింది. "అవ్, ఇగ అక్కవే."

జూన్ 8

అమ్మకు ఫోన్ చేసి గొప్పగా చెప్పుకున్నాను. అమ్మ మెల్లగా — "మీ తాత, మీ నాయిన తండ్రి, చర్ల అడివిలకెళ్లి వచ్చినోడే. బొగ్గుబాయిల పనికొచ్చి, ఈడ బాప్తిస్మం తీసుకున్నడు." నాకెప్పుడూ చెప్పలేదేం... "ఏ గట్టు అమ్మా?"

"ఐదో గట్టు అంటుండె. అయన్నీ యేసు రక్తంల కడుక్కపోయినయి బిడ్డా. ఇప్పుడెందుకు?"

ఇంటిపేరు మాత్రం పోలేదు. ఇప్పటికీ అదే రాసుకుంటున్నాం.

రాంబాబుది ఐదో గట్టు. నా నెత్తురు నాగమణిలో పారుతోంది.

జూన్ 9

ఆడపిల్ల. తల్లీ బిడ్డా క్షేమం. దేవా, స్తోత్రం.

జూన్ 10

రాంబాబు పాపను నా చేతుల్లో పెట్టాడు. "పెద్దమ్మ దగ్గరికి పో." ముత్తమ్మ లెక్కలో నాగమణికి అక్కను కదా. మా తాత లెక్కలో రాంబాబుకు చెల్లెల్ని, ఈ పిల్లకు మేనత్తను. నాగమణి అతని భుజానికి ఆనుకుని కూర్చుంది... చూడలేకపోయాను. నాకు ఈ నమ్మకాలు లేవు. వాళ్లకు ఉన్నాయి. బతికింది కదా, చాలదా?

రేపు డిశ్చార్జి. సాయంత్రం ముత్తమ్మ వార్డు గుమ్మం దగ్గర ఆపింది. పైయేడు విత్తనాల పండుగకు చుట్టంగా పిలవాలట. "గట్టు లేకపోతే లేకపాయె. ఇంటిపేరన్న ఉంటది గదా బిడ్డా. ఏంది మీ ఇంటిపేరు?"

పొద్దున చెప్తా అన్నాను.