పాప తాగేది గంజి కాదు

అత్తయ్య గారికి వందనాలు.

ఈ ఉదయం పాప గడ్డం కింద ఉగ్గు ఎండి చిన్న పెచ్చు కట్టింది. తడిగుడ్డతో తుడుస్తుంటే నవ్వింది.

ఆదివారం చర్చి మెట్ల మీద, అందరి ముందూ మీరన్నారు: "ఏందమ్మే, డబ్బా కొనలేక బిడ్డకి గంజి పోస్తా ఉండావా? బిడ్డని పెంచేది నీ పుస్తకాల్లో రాయలేదా? వచ్చే వారం వచ్చి బిడ్డని నేనే మా ఊరు బోగోలు తీసకపోతా." అందుకే ఈ ఉత్తరం.

మీ అబ్బాయి పని పోయాక డబ్బా పాలపిండి కొనే స్తోమత మాకు లేదు. ఆ మాట చెప్పడానికి నాకు సిగ్గు లేదు. కానీ పాప తాగేది గంజి కాదు. రేషన్ బియ్యం, పెసరపప్పు కడిగి ఎండబెట్టి, దోరగా వేయించి, మిక్సీ పట్టి జల్లించిన పిండితో కాచిన ఉగ్గు. అందులో చెంచా నెయ్యి, ఒక్కోరోజు మెదిపిన గుమ్మడికాయ. మొన్న టీకాలప్పుడు తూకం వేసిన నర్సమ్మ, బరువు సరిగ్గా ఉందని కార్డులో రాసింది.

పాపను పంపను. మీరే వచ్చి నాలుగు రోజులుండండి. ఉగ్గు మీ చేత్తోనే తాగించండి. డబ్బా మాత్రం తేవద్దు.

నేను ఏడింటికల్లా బడికి వెళ్ళిపోతాను. రోజూ ఆ ఉగ్గు కాచేది మీ అబ్బాయే.