జతపరచినది: ప్లాను ఒకటి

1979 జూన్ 4

ముందుగా ఈ కాగితానికి సాష్టాంగ క్షమాపణలు. అడవిలో హాయిగా నిలబడి ఉన్న నిన్ను నరికి, నానబెట్టి, గుజ్జు చేసి, గీతలు గీసి తెచ్చింది ఇందుకా? తిరుపతిలో మూడేళ్లు చదివి, బి.ఏ. థర్డ్ క్లాసులో ప్యాసై, ఎంప్లాయ్‌మెంట్ కార్డు జేబులో పెట్టుకుని ఊరు తిరిగేవాడి చేతిలో పడడానికా? ఇందులో గొప్ప విషయాలేవీ ఉండవు. ఘోరాలూ ఉండవు. మన్నించు.

ఇవాళ్టి విశేషం — దొరల సమాధుల తోట నుంచి మమ్మల్ని గెంటేశారు. పొద్దున గ్రూపు పరీక్షలకు చదువు, సాయంత్రం షటిల్. నేనూ గోపీ, ఇంకో నలుగురం. ఊళ్లో అంత నీడ ఇంకెక్కడుంది? వందేళ్ల కిందట చచ్చిన దొరలు ఏనాడూ అభ్యంతరం చెప్పలేదు. శానిటరీ ఇన్‌స్పెక్టరు చెప్పాడు.

"సమాధుల్లో ఆటలేందిరా? పర్మిషన్ ఉండాదా?"

వల పీకించాడు.

జూన్ 5

అర్జీ రాశాను. "మహారాజశ్రీ కమిషనరు గారి దివ్య సముఖమునకు... సార్వజనిక శ్మశానవాటికయందు విహారయాత్రలు మరియు వినోద క్రీడలు జరుపుకొనుటకు అనుమతి కోరుతూ..." తిరుపతి బస్సు మా ఊళ్లో కాఫీకి పావుగంట ఆగుతుంది కదా — ఆ పావుగంటలో యాత్రికులకు సమాధులు చూపించి జ్ఞానం కలిగిస్తామని కూడా చేర్చాను.

గోపి పొట్ట పట్టుకున్నాడు. "రేయ్, స్వామి కాడికి పొయ్యేవాళ్లు ముందు దయ్యాల్ని సూసుకోని పోతారా?"

జూన్ 8

మున్సిపల్ ఆఫీసు. ఆటలు కాబట్టి పార్కుల సెక్షను. శవాలు కాబట్టి ఆరోగ్యం. గంటసేపు తేలలేదు. చివరికి హెడ్ గుమాస్తా అర్జీని రెండుసార్లు చదివి, ఒక్కసారైనా నవ్వకుండా నంబరు వేశాడు. నన్ను ఇంత సీరియస్‌గా తీసుకున్న మొదటి మనిషి. కొంచెం భయం వేసింది.

జూన్ 12

దేవసగాయం తాతకు చెప్పాను. ముప్పై ఏళ్లుగా తోటకు కాపలా, గేటు పక్క గదిలో కాపురం.

"తాతా, పర్మిషన్ వస్తే నువ్వే గైడువి. టోపీ కుట్టిస్తా."

"నాకు టోపీ యాల అబ్బోడా. రాహేలు పక్కన నాకింత తావుంటే సాలు."

రాహేలు ఆయన భార్య. తూర్పు మూల, గోడ కింద. బండ లేదు, పేరు లేదు. చుట్టూ సున్నం కొట్టిన ఇటుకలు, తలవైపు ఒక గన్నేరు చెట్టు. తోట చర్చి చేతిలో ఉన్న రోజుల్లో పాదిరి గారు "పెట్టుకో పో" అన్నాడట. నోటిమాట. పాదిరీ పోయాడు, మాటా పోయింది. తాత మాత్రం రోజూ అక్కడ చిమ్ముతాడు. ఆ ఇటుకల పక్కన ఒక మనిషి పట్టేంత చోటు — కాలు పెట్టనివ్వడు. మా షటిల్ కాక్ అక్కడ పడితే తానే తెచ్చిస్తాడు.

"అది నా రూము," అంటాడు.

జూన్ 20

మృతుల బంధువులు తమకు అభ్యంతరం లేదని రాసివ్వాలట. "ఇంగ్లండుకు బస్సు ఎన్నింటికి సార్?" అన్నాను. గుమాస్తా ఆలోచించాడు. నిజంగానే ఆలోచించాడు.

"అది కొట్టేస్తాలేప్పా. నువ్వు ప్లాను గీసి పెట్టు. బండలుండే సమాధులకు నంబర్లెయ్. మిగతాది ఖాళీ అని సూపించు."

"బండ లేనిది ఉంటే?"

కళ్లజోడు తీశాడు. "ఉంటే దొంగతనంగా పూడ్చినట్టే. ఎంక్వైరీ. ఫైలు కలెక్టరాఫీసుకు పోతాది. ఇంగ నీ మనవడు ఆడుకుంటాడు షటిలు... ఏం, ఉండాదా?"

"ఊరికే అడిగినా సార్."

జూన్ 23

ప్లాను ఇచ్చాను. నల్ల సిరా, ఎర్ర సిరా. నలభై ఒక్క సమాధులు. ఉత్తరం దిక్కుకు బాణం కూడా.

"ఇంజనీరు గీసినట్టుండాదే," అన్నాడు గుమాస్తా. పొంగిపోయాను.

జూలై 2

వాన. ఏమీ లేదు.

జూలై 19

అనుమతి వచ్చింది! మనవి చేసిన ప్రకారం విహారయాత్రలు, వినోద క్రీడలు... నా వెటకారానికి గుండ్రటి సీలు. గోపి భుజాలమీద ఎత్తుకున్నాడు. కింద ఇంకో పేరా — "ప్లానులో చూపిన ఖాళీ స్థలమును చదును చేసి, ఆఫీసు వారే సిమెంటు కోర్టు నిర్మింతురు."

తాతకు చదివి వినిపించాను. ఆ పేరా వదిలేసి. చదవకపోవడం చేయడం కిందికి రాదు — అని చెప్పుకుంటున్నాను.

"మంచిదబ్బోడా," అన్నాడు. "రాహేలుకు పిల్లోళ్ల నవ్వులంటే ఇష్టం."

ఆగస్టు 6

నేను పోయేసరికి గన్నేరు చెట్టు గేటు దగ్గర పడి ఉంది. పూలతోనే. ఇటుకలు ఒక పక్కన నీటుగా పేర్చి ఉన్నాయి. తాత అరవడం లేదు. తన 'రూము'లో వెల్లకిలా పడుకుని ఉన్నాడు. మేస్త్రీ చేతిలో ప్లాను — నాది.

"లెయ్ పెద్దాయనా. ఈడేం లేదని కాగితంలో ఉండాది."

"ఉండాదప్పా. మా ఇంటిది ఉండాది."

"కాగితంలో లేదు గదా."

నలుగురు కూలీలు ఎత్తి నీడలో కూర్చోబెట్టారు. మెల్లగానే. ఒకడు నీళ్లు కూడా ఇచ్చాడు.

గోపి నావైపు చూశాడు. నేను గన్నేరు చెట్టువైపు చూశాను.

ఆగస్టు 7

జోకు తట్టలేదు.

ఆగస్టు 21

సిమెంటు ఆరింది. గోపి రాకెట్ తెచ్చాడు, ఆడకుండానే పోయాడు. కోర్టులో శానిటరీ ఇన్‌స్పెక్టరే తన కొడుకుతో ఆడుతున్నాడు. బాగానే ఆడతాడు.

ఆగస్టు 22

పొద్దున్నే తాత వచ్చాడు. నాయన కుర్చీ వేసినా కూర్చోలేదు.

"అబ్బోడా, సదువుకున్నోడివి. ఒగ అర్జీ రాసిపెట్టు. తావు మళ్లీ ఇయ్యమని కాదు. రాహేలు ఆడ లేదని ఎవురు రాసినారో, ఆ మనిషి పేరు కావాల నాకు. అంతే. రేపొచ్చి ఏలిముద్ర ఏస్తా."

సరే అన్నాను.

"వాడు బాగా రాస్తాడులే," అన్నాడు నాయన గర్వంగా. "వాడి రాత సూసే గదా పర్మిషనిచ్చినారు."

"మహారాజశ్రీ కమిషనరు గారికి..." ఇక్కడిదాకా వచ్చింది. సాయంత్రమైంది, ఇంకా ఇక్కడే ఉంది.

ఇన్‌స్పెక్టరు గెంటాడు. గుమాస్తా నంబరు వేశాడు. కమిషనరు సంతకం పెట్టాడు. కూలీలు తవ్వారు. ఎవరి పని వాళ్లు చేశారు. నేను చేసింది ఒక్కటే. ప్లాను గీసిన రోజు, తూర్పు మూల పెన్సిలుతో గన్నేరు చెట్టు గీశాను. దాని కింద చిన్న పెట్టె గీసి, నలభై రెండు అని నంబరు వేశాను. కాసేపు చూశాను. తర్వాత రబ్బరుతో చెరిపి, పొట్టు ఊది, ఎర్ర సిరాతో రాశాను — ఖాళీ.