పాళీ అప్పగింత

ఫిబ్రవరి 11

కొత్త ఎం.ఎస్సీ. డిగ్రీకి నేను రాస్తున్న సిలబస్‌లో మూడో సెమిస్టర్ కుదిరింది. ఇన్నాళ్లూ అక్కడే బండి ఆగిపోయింది. కొత్త సాఫ్ట్‌వేర్ ఏ కాలేజీలోనైనా రాయిస్తారు. పరీక్ష అవగానే దాన్ని మళ్లీ ఎవరూ తెరవరు. నా ఎం.ఎస్సీ. పిల్లలు మూడో సెమిస్టర్‌లో కొత్తది ఒక్కటీ రాయరు. ముందు బ్యాచ్ వాళ్లు రాసినదాన్ని, నిజంగా ఏదో ఒక కార్ఖానాలో నడుస్తున్నదాన్ని చేతిలోకి తీసుకుంటారు. బాగు చేస్తారు, తిట్లు తింటారు, మళ్లీ బాగు చేస్తారు. అప్లైడ్ సాఫ్ట్‌వేర్ డెవలప్‌మెంట్ అని పేరు పెట్టుకున్నాక అదైనా చేయించకపోతే ఎలా?

అప్పగింతకు విడిగా మార్కులు. ఇచ్చేవాడు తన పనిలో తప్పులు తనే ముందు చెప్పాలి. దాచి దొరికితే సున్నా.

ఇది ఏ పుస్తకంలోనూ చదవలేదు. నాన్న నడిపిన సాంచెల దగ్గర, ఆ మరమగ్గాల దగ్గర చూశాను. పాళీ, అంటే షిఫ్ట్, మారేటప్పుడు దిగేవాడు వెంటనే వెళ్లిపోడు. సాంచె మీద చెయ్యి వేసి చెబుతాడు – ఎక్కడ పోగు తెగుతోంది, ఏ పక్క వదులుగా ఉంది, మోటారు ఎందుకు వేడెక్కుతోంది. ఎక్కేవాడు అంతా వినేదాకా మిషన్ ముట్టుకోడు. విన్నాక ఆ తప్పు విన్నవాడిది. యజమాని సేఠ్ చెవిదాకా మాత్రం పోదు, ఇద్దరి మధ్యే ఉండిపోతుంది. పొద్దున పాళీ నాన్నది, రాత్రి పాళీ వినోద్ వాళ్ల నాన్నది. ఆ ఇద్దరూ ఏళ్ల తరబడి అలాగే అప్పగించుకున్నారు.

ఫిబ్రవరి 14

వినోద్‌కి చూపించాను. మా గల్లీ పిల్లాడు, నా వెనకే చదువుకున్నాడు, మా డిపార్ట్‌మెంట్‌లో ఖాళీ ఉందని నేనే పిలిచి చేర్పించాను. స్టాఫ్‌రూంలో కూర్చుని చదువుతూ చదువుతూ మూడో సెమిస్టర్ దగ్గర ఆగాడు.

"అక్కా, గిది మన బాపులది గదా."

కళ్లల్లో నీళ్లు. నాకూ వచ్చాయి. పక్కన ఎవరూ లేరు కాబట్టి సరిపోయింది.

ఫిబ్రవరి 27

క్లాసులు సాయంత్రాలు. ఆదివారం రోజంతా. ఉద్యోగం చేస్తున్నవాళ్లు రాలేని డిగ్రీ నాకు వద్దు.

అమ్మను చూడ్డానికి గల్లీకి వెళ్తే పక్కింటి లావణ్య పట్టుకుంది. బీసీఏ పాసై కామ్‌రేజ్‌లో ఎంబ్రాయిడరీ యూనిట్‌లో చేస్తోంది, కంప్యూటర్ మీద డిజైన్లు ఎక్కించే పని. "అక్కా, నీ కోర్సు ఎప్పుడు షురూ?" పోయిన నెల కూడా ఇదే అడిగింది. జూలై అన్నాను. అనేశాక భయం వేసింది. ఇంకా సిలబస్ ఒప్పుకోవాల్సిన బోర్డు ఉంది... డైరెక్టర్ ఉన్నాడు.

మార్చి 8

ముగ్గురు సేఠ్‌లు ఒప్పుకున్నారు. పిల్లలు వాళ్ల దగ్గరికి వచ్చి పని చూసి సాఫ్ట్‌వేర్ రాస్తారు. ఒక్కొక్కరి చుట్టూ ఎన్ని తిరుగుళ్లు... ఎంత చాయ్... కడుపులో మంట తప్ప ఇంకో కష్టం లేదు.

మార్చి 16

డుమస్ బీచ్. వినోద్ వాళ్లు, మేము. పిల్లలు నీళ్ల వైపు పరుగెత్తారు, వాళ్ల వెంట మా ఆయనా, వినోద్ భార్యా. మేమిద్దరం టమాటా భజియా బండి దగ్గర. "బోర్డుల నేను నీ పక్కనే కూసుంట. చెప్పక్కా, యాడ యాడ కచ్చా ఉంది?" అని అడిగాడు.

చెప్పాను. అన్నీ చెప్పాను. మొదటి బ్యాచ్‌కు ముందు బ్యాచ్ ఉండదు, వాళ్లు ఎవరి పని తీసుకుంటారో ఇంకా తేల్చుకోలేదు. దీపావళి సీజన్ వస్తే సేఠ్‌లు పిల్లల్ని వాకిట్లోకి కూడా రానివ్వరు. మూడోది చెప్పేటప్పుడు గొంతు తగ్గించాను – మా స్టాఫ్‌లో బయటివాళ్లకు ఒక్క సాఫ్ట్‌వేర్ అయినా రాసిచ్చినవాళ్లు మేమిద్దరమే. మిగతావాళ్లు ఈ పాఠం ఎలా చెబుతారో నాకు తెలియదు.

తల పక్కకు వంచి విన్నాడు. అచ్చం వాళ్ల నాన్నలా. "ఇంకేమన్న ఉందా?" అన్నాడు. లేదన్నాను.

మార్చి 17

చెప్పాల్సింది చెప్పేశాను. ఇవాళ తేలిగ్గా ఉంది.

ఏప్రిల్ 8

రాయాలని లేదు. రాయకపోతే ఊపిరాడదు.

బోర్డు. నేను చెప్పడం అయిపోయింది. డైరెక్టర్ సాహెబ్ తల ఊపుతున్నారు. బయటినుంచి వచ్చిన ఇద్దరు సభ్యులు మూడో సెమిస్టర్ బాగుందన్నారు. అప్పుడు వినోద్ లేచాడు. నా పక్క కుర్చీలోంచే. నాకు మద్దతుగా మాట్లాడతాడనుకుని నీళ్ల గ్లాసు కూడా వాడి వైపు జరిపాను.

"మేడమ్ అంటే నాకు గౌరవం. కానీ మూడు సందేహాలున్నాయి."

మూడు. అదే వరుసలో. మొదటి బ్యాచ్. దీపావళి. మూడోది కొంచెం మార్చాడు – "మన అధ్యాపకుల్లో ఎవరికీ ఇది చెప్పే సత్తా లేదని మేడమే అంటున్నారు. అలాంటప్పుడు..." అని ఆపేశాడు. ఆపాల్సిన చోట ఆపాడు.

అందరూ నా వైపు తిరిగారు. పదిహేనేళ్లుగా ఒకే స్టాఫ్‌రూంలో డబ్బాలు విప్పుకుని తిన్నవాళ్లు. నాకు తల కొట్టేసినట్టయింది. అనలేదని అనలేను. అన్నాను కదా.

తర్వాత వాడి ఫైలు తీశాడు. ముందే తయారు చేసుకుని వచ్చాడు. ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ భాగస్వామిగా ఉంటుందట. పాఠాలు చెప్పడానికి వాళ్ల మనుషులు, పిల్లల పనంతా వాళ్ల సర్వర్ల మీద, కోర్సు అయ్యాక వాళ్ల దగ్గరే ఉద్యోగాలు. ఒక్కొక్క సందేహానికీ ఒక్కొక్క జవాబు. నా మూడు తప్పులకూ వాడి దగ్గర మూడు జవాబులు.

మరి డుమస్‌లో ఒక్కటైనా ఎందుకు చెప్పలేదు?

ఏప్రిల్ 9

సెలవు పెట్టాను. జ్వరం అని చెప్పాను. నిజంగా ఉంటే బాగుండు.

ఏప్రిల్ 12

అడిగాను. పార్కింగ్‌లో, స్కూటర్ తీస్తుంటే, మొహం మీదే. ఎందుకురా అలా చేశావు అని.

బెదరలేదు. అదే నాకు ఇంకా మింగుడుపడటం లేదు. "అక్కా, తప్పులు ముందే చెప్పాలని నువ్వే గదా రాసినవ్. నేను చెప్పిన. గిండ్ల మోసమేముంది?"

నీకు చెప్పానురా, బోర్డుకు కాదు. మీ నాన్న మా నాన్న చెప్పినవి ఎన్నడైనా సేఠ్‌కు మోశాడా? అది కూడా అడిగాను.

హెల్మెట్ పెట్టుకుంటూ అన్నాడు – "గందుకే ఆళ్లు సచ్చేదాంక సాంచెల మీదనే ఉన్నరు."

అడాజన్‌లో ఇంటి దాకా స్కూటర్ ఎలా నడిపానో తెలియదు. బ్రిడ్జి మీద ఎవరో హారన్ కొడుతూనే ఉన్నారు.

ఏప్రిల్ 21

ఆర్డర్ వచ్చింది. డిగ్రీ మంజూరు. కోఆర్డినేటర్ – వినోద్. క్లాసులు పగటిపూట, హాజరు తప్పనిసరి. కంపెనీ వాళ్లు సాయంత్రాలు రారట. కార్ఖానాలు అలాగే ఉంచాడు, మూడో సెమిస్టర్ కూడా. ఎందుకు తీస్తాడు? బోర్డుకు నచ్చింది అవే.

నా పేరు ఒకచోట ఉంది. 'సలహాలు అందించినవారు'లో. అందులోనూ చివర.

ఏప్రిల్ 22

స్టాఫ్‌రూంలో నేను వెళ్లగానే మాటలు ఆగాయి. డబ్బా తెచ్చుకుని నా గదిలో ఒక్కదాన్నే తిన్నాను.

మే 4

అమ్మ దగ్గరికి వెళ్లాను. మొహం చూసి అడిగింది, "ఏందే గిట్లున్నవ్?" మొత్తం చెప్పాను. వినోద్ పేరు వినగానే చేతిలో చేట కింద పెట్టింది. వాడు పసివాడప్పుడు వాళ్లమ్మకు ఒంట్లో బాగాలేక ఏడాదిపాటు వాడికి అన్నం పెట్టింది అమ్మే.

"నా చేతి బువ్వ తిన్నోడు," అంది. మళ్లీ చేట తీసుకోలేదు.

మే 19

రాజీనామా రాశాను. చించేశాను. ఇంకో కాలేజీకి వెళ్లి ఏం చేస్తాను – ఇదే డిగ్రీ మళ్లీ రాయనా? ఇది ఇక్కడే ఉంది. నా కళ్లముందే వాడి పేరుతో తిరుగుతోంది. ద్వేషించడానికి కూడా మనసు ఒప్పడం లేదు, ప్రతి పేపరూ నేను పెంచినదే కదా.

జూన్ 3

లావణ్య ఫోన్.

"అక్కా, నౌకరి ఇడిచిపెట్టిన. సీటొచ్చింది. పగటి క్లాసులంట గదా, ఇంకేం జేస్త?" గొంతులో పండగ.

తొందరపడ్డావేమో అన్నాను. "గట్లంటవేందక్కా. నీ కోర్సు గదా."

నాది కాదని చెప్పలేదు.

జూన్ 19

కామ్‌రేజ్ వెళ్లాను. ఇకమీదట నేను కాదు, వినోద్ చూస్తాడని ముగ్గురికీ మొహం చూపించి చెప్పి రావడం మర్యాద కదా అని.

ఎంబ్రాయిడరీ సేఠ్ చాయ్ తెప్పించాడు. ఎవరు వస్తే ఏముంది సుజాతాబెన్, మీ మాట ఉంటే చాలు అన్నాడు. ఏ మాట అని నేను అడగలేదు, గుర్తుంది. మార్చిలో ఒప్పుకునేటప్పుడు ముగ్గురూ అడిగింది అదొక్కటే – సరుకు కొనే వ్యాపారుల పేర్లు, ఎవరికి ఏ రేటుకు ఇస్తారన్నది, కార్ఖానా గడప దాటకూడదు. పిల్లలు అక్కడి కంప్యూటర్ మీదే పని చేసి అక్కడే వదిలి రావాలి. రేటు ఒకటి బయటపడితే మార్కెట్‌లో వాళ్ల పని అయిపోయినట్టే. నేను సరే అన్నాను, చాయ్ తాగాను. కాగితం లేదు. ఇక్కడ కాగితం అడిగితే మనిషిని అనుమానించినట్టు.

తిరిగి వస్తుంటే బస్సులో తట్టింది. వినోద్ రాసినదాంట్లో పిల్లల పనంతా కంపెనీ సర్వర్ల మీద ఉంటుంది. మొదటి రోజు నుంచీ.

వాడికి ఈ షరతు తెలియదు. నేను చెప్పలేదు. డుమస్‌లో చెప్పడానికి ఇది అప్పుడు తప్పే కాదు, నా డిజైన్‌లో సర్వర్లే లేవు. తప్పు వాడు పుట్టించాడు, దాని సంగతి నాకు మాత్రమే తెలుసు.

సేఠ్‌లకు తెలిసిన రోజు పిల్లల్ని మెడపట్టి గెంటుతారు. సెమిస్టర్ మధ్యలో. కార్ఖానా లేకపోతే ప్రాజెక్టు లేదు, ప్రాజెక్టు లేకపోతే పాస్ లేదు.

నవ్వొచ్చింది. బస్సులో ఒక్కదాన్నే నవ్వాను. పక్కావిడ సర్దుకుని కూర్చుంది.

జూన్ 20

నిన్నటి నవ్వు ఇవాళ లేదు. ఆ పిల్లల్లో లావణ్య ఉంది.

డైరెక్టర్ సాహెబ్ దగ్గరికి వెళ్లాను. కార్ఖానాల విషయంలో ఒక ఇబ్బంది ఉంది సర్ అన్నాను, అంతే. మిగతాది విననేలేదు. "సుజాతాబెన్, మీ బాధ నాకు అర్థమవుతుంది. ఏదున్నా వినోద్‌భాయ్‌కి చెప్పండి. ఇప్పుడది ఆయన పని." ఏడుపుగొట్టు ఆడదాన్ని సముదాయించినట్టు.

నా బాధ అట. నేను అసూయతో వెళ్లాననుకున్నాడు. సగం నిజమే కావచ్చు, ఆ సగం చూసి మిగతా సగం వినకపోతే ఎలా...

జూన్ 29

అమ్మ. "ఆనికెందుకు చెప్తవే? ఒక్కపారి చెప్పి సూసినవ్ గదా. ఊకో. ఆడు జేసుకున్నది ఆడే అనుభవిస్తడు."

లావణ్య చేరిందమ్మా అన్నాను.

అమ్మ గోడ వైపు చూసింది. గోడ అవతల లావణ్య వాళ్లింట్లో టీవీ మోగుతోంది. "మరి దానికే జెప్పు," అంది. "మానెయ్యమను."

మానేసి ఎక్కడికి పోతుంది? ఉన్న నౌకరీ ఇప్పటికే వదిలేసింది. అది అంటే అమ్మకు కోపం వచ్చింది. "అయితే నన్నెందుకు అడుగుతవ్? నీకు ఆల్రెడీ ఎరుకే," అని లోపలికి పోయింది. ఈ 'ఆల్రెడీ' ఎక్కడ నేర్చిందో.

జూలై 1

చెబితే – సరిచేసుకుంటాడు. సర్వర్లు కార్ఖానాలోనే పెట్టిస్తాడు. డిగ్రీ బ్రహ్మాండంగా నడుస్తుంది. ముందుచూపు ఉన్నవాడని పేరొస్తుంది. స్టేజీ మీద శాలువా కప్పుతారు, నేను కింద కూర్చుని చప్పట్లు కొట్టాలి.

చెప్పకపోతే – లావణ్య.

రెండూ రాసి చూసుకుంటే తేలికగానే ఉంది. రాసినంత తేలికగా మనసు కదలడం లేదు. కడుపు మండిపోతోంది, ఇంకా.

జూలై 4

అప్పగింత. డైరెక్టర్ ఆర్డర్. వాడే నా గదికి వచ్చాడు, రెండు చాయ్‌లు పట్టుకుని. ఏమీ జరగనట్టు. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

ఒక్కొక్క పేపరూ చెప్పాను. ఏ పాఠం ఎక్కువైంది, ఏది తగ్గింది, ఏ ల్యాబ్‌కు సమయం చాలదు. ఎందుకంత శ్రద్ధగా చెప్పానో నాకే తెలియదు, నోరు అలవాటుగా నడిచింది. వాడు తల పక్కకు వంచి విన్నాడు. ఆ వంపు చూడకుండా కాగితాలు తిప్పాను.

"ఇంకేమన్న ఉందా అక్కా?"

సోమవారం చెబుతానన్నాను.

నవ్వాడు. "అంటే ఉన్నట్టే గదా. నువ్వు దాచవక్కా, నాకెరుకే. గందుకే నాకు ఫికర్ లేదు."

ఖాళీ గ్లాసులు రెండూ వాడే తీసుకెళ్లాడు.

జూలై 6

లావణ్యకు ఫోన్ చేశాను. ఎత్తగానే కొత్త బ్యాగు గురించి చెప్పడం మొదలుపెట్టింది. బాగా చదువుకో అని పెట్టేశాను.

జూలై 7

సోమవారం. మొదటి క్లాసు వాడిదే. చెప్పేద్దామనే వెళ్లాను, తలుపు దగ్గర దాకా. తెరిచే ఉంది. బోర్డు మీద పెద్దక్షరాలతో 'అప్పగింత' అని హిందీలో రాసి ఉంది. పిల్లలకు చెబుతున్నాడు – మీ పనిలో తప్పులు మీరే ముందు చెప్పాలి, ఇది ఏ పుస్తకంలోనూ లేదు, మా నాన్న సాంచె మీద చెయ్యి వేసి నాకు నేర్పిన పద్ధతి.

పిల్లలు రాసుకుంటున్నారు. ముందు బెంచీలో లావణ్య. నన్ను చూసి టేబుల్ కిందనుంచి చెయ్యి ఊపింది. వాడు కూడా ఇటు తిరిగి మాట ఆపాడు. రమ్మన్నట్టు కనుబొమ్మలు ఎగరేశాడు, చెప్పు, వింటాను అన్నట్టు. అందరి ముందూ.

చెప్పకుండానే వెనక్కి వచ్చేశాను. గదిలో కూర్చుని ఇది రాస్తున్నాను. గురువారం నుంచి పిల్లల్ని కార్ఖానాలకు పంపుతారట.